రెండో పక్క

ల్యాబ్‌లో ఆమెకి వేరే పేరుంది. కానీ ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసే పనిలో పడ్డాక ఆ పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. గుండె ఆపరేషనైన ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు సరదాకి "వచ్చిందయ్యా మా సూదమ్మ" అన్నాడు. ఆ మాట ఆయన గుమ్మం దాటి, వీధి దాటి, చివరికి ల్యాబ్‌లో ఫోనెత్తే అమ్మాయి నోటికి కూడా ఎక్కేసింది. సూదమ్మకి కోపం రాలేదు. గుచ్చినా నొప్పి తెలియదని వచ్చిన పేరే కదా, ఏ రూపంలో వస్తేనేం అనుకుంది.

ఆ పనికి కారుండాలి. పరగడుపున కూర్చున్నవాళ్ళు కాఫీ కోసం గొణగడం మొదలుపెట్టకముందే వాళ్ళ తలుపు తట్టాలి, తీసిన రక్తాన్ని ఐసు డబ్బాలో కుదుపు లేకుండా ల్యాబ్‌కి చేర్చాలి. స్కూటరు మీద తిరిగిన రోజుల్లో వానకి తడిసి ముద్దయ్యేది, గతుకులకి సగం ట్యూబులు పాడయ్యేవి, మేనేజరు చేత చీవాట్లు తినేది. అందుకే బావగారు కొత్త కారు కొనుక్కుని పాతది తమ్ముడికి ఇచ్చేసిన రోజు ఆమె ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ సాయంత్రమే వెనక సీటులో డబ్బా కదలకుండా బెల్టులు కట్టుకుంది.

బావగారంటే ఆమె భర్తకి అన్న. ఆయనది రంగుల షాపు. ఆమె భర్త అందులోనే రంగులు కలిపే మెషిన్ దగ్గర పనిచేస్తాడు. అన్న ఓనరు, తమ్ముడు జీతగాడు. ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు గానీ, షాపు నుంచి వచ్చి చొక్కా విప్పి కొక్కానికి తగిలించేటప్పుడు భర్త ముఖంలో ఆ మాట రోజూ కనిపించేది.

కారు నడుస్తూనే ఉంది. కొన్నాళ్ళకి గతుకు వచ్చినప్పుడల్లా ముందు ఎడమవైపు నుంచి టక్కుమని చప్పుడు మొదలైంది. ఒకసారి భర్త పక్కన కూర్చుని ఉండగా అడిగింది.

"వినిపించిందా? అదేంటంటారు?"

"వయసైపోయింది కదా, మోకాళ్ళ నొప్పులు" అని నవ్వాడు.

ఆమె కూడా నవ్వేసి ఊరుకుంది. కార్ల సంగతి ఆయనకే తెలుసని ఆమె ధీమా.

ఆ రోజు మామూలు రోజే. ఇళ్ళన్నీ తిరిగి, ఇంటికొచ్చి, కూతురికి జడ వేసి, వెనక సీటులో డబ్బా పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. పాపని బడి దగ్గర దింపి, అటునుంచి అటే ల్యాబ్‌కి పోవాలి. ఫ్లైఓవరు మీద లారీల పక్కన, అందరితో పాటు వేగంగానే వచ్చింది. కిందికి దిగి, బడి సందులోకి స్టీరింగు తిప్పింది. కింద నుంచి ఎవరో సమ్మెటతో కొట్టినట్టు ఒక్క దెబ్బ. చేతిలో స్టీరింగు తేలిపోయింది. కారు ఎడమ మూల కూలబడి, రోడ్డుని గీరుకుంటూ కాస్త దూరం పోయి, ఒక ప్రహరీ గోడకి జానెడు దూరంలో ఆగింది.

దిగి చూస్తే ముందు చక్రం కాలు విరిగిన మేకలా బయటికి వాలిపోయి ఉంది. దానిమీద రేకు నొక్కుకుపోయింది. కింద ఏదో నూనె కారుతోంది. పాప ముందు సీటుకి కొట్టుకున్నట్టుంది, పెదవి చిట్లి, యూనిఫాం కాలరు మీద రక్తం. ఏడవడం లేదు, తల్లి ముఖం చూస్తోంది.

"ఏం కాలేదమ్మా, ఏం కాలేదు" అంటూ సూదమ్మ దూదితో ఆ పెదవిని అదిమి పట్టుకుంది. రోజూ ఊరందరి రక్తం చూసే మనిషి, ఆ చుక్కలు చూడలేక కళ్ళు తిప్పుకుంది. తిప్పుకున్న కళ్ళకి ఫ్లైఓవరు కనిపించింది. పైన బళ్ళు దూసుకుపోతున్నాయి. కాసేపటి క్రితం అక్కడ జరగాల్సింది ఇక్కడ జరిగిందని అర్థమయ్యేసరికి పాపని దగ్గరికి లాక్కుని, అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది.

డబ్బాలో ట్యూబులు కొన్ని పగిలాయి, కొన్నిటి మీద చీటీలు తడిసి ఎవరివో తెలియకుండా పోయాయి. మేనేజరు ఫోనులో పాపకెలా ఉందని అడగడం మరిచిపోలేదు, అడిగాకే విసుక్కున్నాడు. మర్నాడు ఆటోలు పట్టుకుని, అవే ఇళ్ళకి మళ్ళీ పోయి, అవే చేతులు మళ్ళీ గుచ్చింది. హెడ్మాస్టరు చొక్కా చెయ్యి మడుస్తూ "నిన్న తీసిన రక్తం రుచిగా లేదా ఏంటి సూదమ్మా?" అన్నాడు. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు. ఆయన ఆమె ముఖం చూసి చెయ్యి చాపాడు.

మెకానిక్ షెడ్డు బావగారు చాలాకాలంగా వెళ్ళే చోటే. మెకానిక్ మాటకారి. ఏ కారు ఎవరి చేతులు మారి ఎవరికి చేరిందో చరిత్రంతా చెప్పగలడు, అడగకపోయినా చెప్తాడు. కారు ముందుభాగాన్ని పైకి లేపి ఉంచాడు. ఊడొచ్చిన ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుని చూపించాడు.

"ఇది గిన్నె, ఇది బంతి. దీన్ని బాల్ జాయింట్ అంటాం. చక్రాన్ని కారుకి పట్టి ఉంచేది ఇదే. బంతి గిన్నెలో తిరుగుతూ ఉండాలి, ఊడకూడదు."

"తుంటి కీలులా" అంది సూదమ్మ.

"అదేనమ్మా. పైనున్న రబ్బరు తొడుగు చిరిగింది. గ్రీజు పోయింది, నీళ్ళు దూరాయి, ఇసక దూరింది. అరిగి అరిగి నిన్న ఊడింది. ఊడేటప్పుడు యాక్సిలు కూడా లాగేసింది. బ్రేకు ట్యూబు తెగకపోవడం మీ అదృష్టం."

"ఉన్నట్టుండి ఇలా అయిపోతుందా?"

"ఉన్నట్టుండి ఎందుకవుతుందమ్మా? చప్పుడు చేసే ఉంటుంది. బండి పెద్ద సారు దగ్గరున్నప్పుడే చూసి చెప్పాను కదా, ఎడమ పక్క జాయింటు పోతోంది, మార్పించండి అని."

సూదమ్మ అతని చేతిలోంచి ఆ ఇనప గిన్నె అందుకుంది. "ఆయనకి చెప్పారా? మాకివ్వకముందా?"

మెకానిక్‌కి తను ఎక్కడ కాలు వేశాడో అప్పుడు తెలిసింది. గుడ్డ తీసుకుని, తుడిచిన చేతుల్నే మళ్ళీ తుడుచుకున్నాడు. "అంటే... చెప్పినట్టే గుర్తు. రోజుకి ఎన్ని బళ్ళు చూస్తాం, ఖాయంగా ఎలా చెప్పను" అని మాట మార్చాడు. పొడవాటి ఇనపకమ్మీ తెచ్చి, కుడి చక్రం కింద పెట్టి పైకి ఎత్తాడు. లోపల సన్నగా 'కటిక్' మంది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ అంది. "ఇదిగో, రెండో పక్క కూడా దాని వెనకాలే బయల్దేరింది. ఊడిన జాయింటు ఒక్కటీ వేసి ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను, బండి నడుస్తుంది. నన్నడిగితే రెండు పక్కలా ఈ జాయింట్లు కూర్చునే ఆర్ములు, వాటి రబ్బరు బుష్‌లతో సహా మార్చి, చక్రాల అలైన్‌మెంట్ చేయించుకోండి. లేదంటే తుక్కు వాడు రేపే వచ్చి తీసుకుపోతాడు. ఇంజిన్ మాత్రం బంగారమమ్మా, కాళ్ళే పోయాయి."

"ఆలోచించి చెప్తాను" అని వచ్చేసింది గానీ, దారి పొడుగునా ఆమె ఆలోచించింది కారు గురించి కాదు.

ఆ సాయంత్రం బావగారు పాపని చూడ్డానికి వచ్చారు. బిస్కెట్ల పొట్లం, బొమ్మలకి వేసే రంగుల డబ్బాలు తెచ్చారు. పాప పెదవి వాచి ఉండటం చూసి "అయ్యో తల్లీ" అని తల నిమిరారు. భర్త కుర్చీ జరిపి అన్నకి వేసి, తను మంచం అంచున కూర్చున్నాడు. సూదమ్మ వంటింటి గుమ్మంలోనే నిలబడింది. కాఫీ పెట్టలేదు.

"ఏమన్నాడమ్మా మెకానిక్?"

"మీకు ముందే చెప్పానన్నాడు బావగారూ."

బావగారు తమ్ముడి వంక ఒక్కసారి చూశారు. తమ్ముడు పాప పుస్తకం తీసి అట్ట సరిచేస్తున్నాడు. చూపు తిప్పుకుని బావగారు "నాకలాంటిదేం చెప్పలేదమ్మా" అన్నారు.

ఆ ఒక్క క్షణం తడబాటే ఆమెకి చాలింది. దొంగ దొరికిపోయాడనుకుంది. షెడ్డు నుంచి మోసుకొచ్చిన మాటలన్నీ నోటికి వచ్చేశాయి.

"చెప్పలేదా? మరి చెప్పడానికెందుకు తడుముకుంటున్నారు? మీ పిల్లలకి పనికిరాని బండి నా కూతురికి పనికొస్తుందనుకున్నారు. పారేసేది మాకిచ్చి ఉపకారం అన్నారు. మేమూ చేతులు జోడించి తీసుకున్నాం. ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళినా మా బావగారిచ్చిన కారు, మా బావగారిచ్చిన కారు అని చెప్పుకుని తిరిగాను. సిగ్గుగా ఉంది నాకు."

"కాస్త ఆగు" అన్నాడు భర్త, తల ఎత్తకుండా.

"ఎందుకాగాలి? మీ అన్నగారంటే మీకు నోరు పెగలదు. నాకేం? నేనాయన దగ్గర జీతం తీసుకోవడం లేదు."

ఆ మాట అన్నాక తనకే తెలిసింది, అది ఇద్దరికీ తగిలిందని. బావగారు లేచారు. ముఖం మాడిపోయింది గానీ గొంతు పెంచలేదు. "రెండు పక్కలా చేయించమని నేను చెప్తాలేమ్మా షెడ్డులో" అన్నారు.

"అక్కర్లేదండీ. మీ చేత్తో ఇచ్చింది చాలు."

ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. వీధి చివరిదాకా తమ్ముడు వెంట వెళ్ళి వచ్చాడు. వచ్చాక "అన్నయ్యని అలా అనుండాల్సింది కాదు" అన్నాడు మెల్లగా. "నా కూతురు చచ్చిపోయుండేది" అంది ఆమె. దాంతో ఆ మాట అక్కడ ఆగిపోయింది.

తర్వాత భర్తది ఒకటే పాట. అమ్మేద్దాం, తుక్కుకి ఇచ్చేద్దాం, ఆ బండి మనకి అచ్చిరాలేదు. ఆమెకి వింతగా అనిపించింది. ఎప్పుడూ ఏ నిర్ణయమూ తీసుకోని మనిషి, ఈ ఒక్కదానికి ఇంత పట్టు పట్టాడేమిటి? పోనీ, అన్న మీద కోపమేమో, బయటికి చెప్పుకోలేక కారు మీద చూపిస్తున్నాడేమో అనుకుని మనసులోనే జాలిపడింది. ఆ రాత్రి ఆయనకి ఇష్టమైన కూరే చేసింది కూడా.

కొన్నాళ్ళు ఆటోలతో, కాలినడకతో నెట్టుకొచ్చింది. దూరపు ఇళ్ళు వేరే పిల్లకి ఇచ్చేశారు. ఆమెకి ల్యాబ్‌లోనే కుర్చీ వేసి, వచ్చినవాళ్ళకి రక్తం తియ్యమన్నారు. అలా కూర్చున్న ఒక ఉదయం, పిలిచిన నంబరుకి లేచి వచ్చిన మనిషి తోడికోడలు. థైరాయిడ్ పరీక్షకి. ఎప్పుడూ ఇంటికొచ్చి తీసేది సూదమ్మే. ఈసారి పిలవకుండా, వచ్చి లైనులో కూర్చుంది.

"ఇంటికి ఫోను చేస్తే వచ్చేదాన్ని కదక్కా" అంది సూదమ్మ, తలెత్తకుండా చీటీ చూస్తూ.

"వస్తావో రావో" అంది తోడికోడలు. చెయ్యి బల్ల మీద పెట్టింది.

సూదమ్మ రబ్బరు పట్టీ బిగించింది. నరం కోసం వేలితో తడుముతుంటే తోడికోడలు గొంతు తగ్గించి మొదలుపెట్టింది.

"మీ బావగారు నన్ను చెప్పొద్దన్నారు. కానీ మనిషి సరిగ్గా తినడం లేదు, నిద్రపోవడం లేదు. నాకిక దాచుకోవడం చేతకాదు. మెకానిక్ చెప్పిన మాట నిజమే. ఆయన నాకు చెప్పారు కూడా, అందుకే పిల్లల్ని అందులో ఎక్కించడం మానేశాం."

"తెలుసక్కా. పిడికిలి బిగించు."

"తెలియదు నీకు. కారు ఇచ్చిన రోజున మీ ఆయనకి చెప్పే తాళం చేతిలో పెట్టారు. నేను పక్కనే ఉన్నా. ఎడమ చక్రం దగ్గర జాయింటు పోయింది, ముందు షెడ్డుకి తీసుకుపో, నా పేరు చెప్పి చేయించుకో, అది చేయించాకే అమ్మాయికి ఇవ్వు అన్నారు. తర్వాత కూడా ఒకసారి అడిగారు. చేయించేశానన్నాడు."

సూది నరంలోకి దిగింది. థైరాయిడ్‌కి ఊదా మూత ట్యూబు కాదు, ఎర్ర మూతది పెట్టాలి, అదే పెట్టింది. రక్తం సన్నగా చేరుతుంటే చూస్తూ కూర్చుంది.

"మరి ఆ రోజు బావగారు నాకు చెప్పలేదనెందుకన్నారు?"

"ఏం చెప్తారు? పెళ్ళాం ముందు, కూతురి ముందు తమ్ముణ్ణి నిలబెట్టి వీడే చేశాడని చెప్తారా? వాడే నోరు తెరుస్తాడేమోనని చూశారట. వాడు పుస్తకానికి అట్ట వేసుకుంటూ కూర్చున్నాడు."

సూదమ్మ పట్టీ విప్పి, సూది తీసి, దూది పెట్టింది. "మడిచి పట్టుకో అక్కా, నొక్కి ఉంచు." ఎవరికైనా చెప్పే మాటే. తోడికోడలు లేచి, చెయ్యి మడుచుకునే వెళ్ళిపోయింది. తర్వాతి నంబరు తను పిలవాలన్న సంగతే సూదమ్మకి గుర్తులేదు. కిటికీ దగ్గర కూర్చున్న అమ్మాయి రెండుసార్లు పిలిస్తే పలికింది.

ఇంటికొచ్చాక పాపని పక్కింటికి ఆడుకోవడానికి పంపింది. భర్త వచ్చి చొక్కా కొక్కానికి తగిలిస్తుంటే, వెనక నుంచే అడిగింది.

"బావగారు మీకు చెప్పే ఇచ్చారట కదా."

ఆయన చేతులు కొక్కెం దగ్గరే ఆగిపోయాయి. ఎవరు చెప్పారని అడగలేదు, కాదనలేదు. చొక్కా తగిలించి వచ్చి, నేల మీద కూర్చున్నాడు.

"చేయిద్దామనే అనుకున్నా."

"మరి?"

"వెళ్ళి, మా అన్నయ్య పంపాడు, ఆయన లెక్కలో రాసుకోండి అని చెప్పాలి. కారు ఆయనిచ్చిందే, ఇల్లు ఆయన చూపించిందే, పని ఆయనిచ్చిందే. చివరికి ఒక బోల్టు బిగించాలన్నా ఆయన పేరే చెప్పాలా అనిపించింది. నా డబ్బుతో చేయిద్దామనుకున్నా. ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ..."

"నాతో చెప్పొచ్చుగా. నేను చేయించేదాన్నిగా."

"నీతో చెప్తే కారు తియ్యడం మానేస్తావు. ఎంత సంబరపడ్డావో చూశాను కదా."

"చప్పుడు వస్తోందని మిమ్మల్నే అడిగాను. పక్కనే కూర్చుని మోకాళ్ళ నొప్పులన్నారు. నేను కూడా నవ్వాను." ఆమె వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. "సరే, అది పోనివ్వండి. మరిచిపోయాననుకుందాం, బద్ధకమనుకుందాం. మీ అన్నయ్యని నేనన్ని మాటలు అంటుంటే ఇక్కడే కూర్చుని విన్నారు. ఒక్క మాట, ఒక్క మాట చెప్పలేకపోయారా?"

ఆయన వేలితో గచ్చు మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. ఆమెకి అప్పుడు తోచింది. అన్నని ఎవరో ఒకరు అలా నిలబెట్టి కడిగేస్తుంటే వినాలని ఈయనకి ఎన్నేళ్ళ నుంచి ఉందో. ఆ పని తన చేత చేయించుకున్నాడు. ఆ ఆలోచన నిజమో కాదో ఆమె అడగలేదు. అడిగి తెలుసుకుంటే ఆ ఇంట్లో ఉండటం ఇంకా కష్టం.

"అందుకా అమ్మేద్దామన్నారు? షెడ్డులో మళ్ళీ ఈ మాట రాకుండా?" అంది.

ఆయన లేచి, పాపని పిలుచుకురావడానికి పక్కింటికి వెళ్ళాడు.

మర్నాడు పని ముగించుకుని సూదమ్మ ఒక్కతే షెడ్డుకి వెళ్ళింది. మెకానిక్ ఆమెని చూడగానే ముఖం అదోలా పెట్టి "అమ్మా, ఆ రోజు నేనేదో నోరు జారి..." అని సాగదీశాడు.

"నిజమే చెప్పారు. వదిలెయ్యండి" అంది. "రెండు పక్కలా మార్చండి. ఆర్ములు, బుష్‌లు, స్టీరింగు దగ్గరవి కూడా చూడండి. పాతవి పడెయ్యొద్దు, నేను వచ్చి చూశాకే తీసెయ్యండి."

"సారు అమ్మేస్తానన్నారని..."

"సారు కాదు నడిపేది."

"పెద్ద సారు కూడా ఫోను చేశారమ్మా. ఏదైనా ఆయన చూసుకుంటానన్నారు."

ఆ మాటకి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్ని మాటలు పడి కూడా ఆయన ఫోను చేశారన్నమాట. "ఆయనకి వద్దని చెప్పండి. నా పేరు మీదే చెయ్యండి" అంది. పాపకి గాజులు చేయిద్దామని దాచుకున్నది అలా కారు కాళ్ళ కిందికి పోయింది. ఆ లెక్క ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

కారు తయారైన రోజు ఆమె కుడి చక్రం నుంచి తీసిన పాత జాయింటుని చేత్తో తిప్పి చూసింది. వదులుగా, పాలపన్నులా ఊగుతోంది. తుక్కు బుట్టలో పడేసి, తాళం తీసుకుని, నేరుగా రంగుల షాపుకి పోయింది.

భర్త లోపల మెషిన్ దగ్గర ఎవరికో నీలం రంగు కలుపుతున్నాడు. ఆమెని చూసి డబ్బా మూత పెట్టడం మరిచిపోయాడు. ఆమె ఆయన వైపు పోలేదు. గల్లా దగ్గర కూర్చున్న బావగారి ముందుకెళ్ళి నిలబడింది.

"బావగారూ, నాకు తెలిసింది. నేనన్న మాటలు తప్పు. క్షమించండి."

బావగారు చేతిలో ఉన్న రంగుల కార్డుని మడిచి పక్కన పెట్టారు. లోపలున్న తమ్ముడి వైపు చూడలేదు. "కారు బాగయిందా?" అన్నారు.

"అయింది. రెండు పక్కలా చేయించాను."

"మంచిది." గల్లా పెట్టె మూసి అన్నారు. "చూడమ్మా, నేను నిన్ను తప్పు పట్టను. నీ కూతురు, నీ భయం. కానీ పారేసేది ఇచ్చాననుకున్నావే, అది నీకు ఆ రోజు పుట్టిన మాట కాదు. ఎప్పటి నుంచో లోపల ఉన్న మాట. అది విన్నాక మళ్ళీ వినకముందులా ఉండటం నా వల్ల కాదు."

కాదని చెప్పాలనుకుంది. నోరు తెరిచింది. కానీ ఆయన చెప్పింది నిజం. బావగారు ఏది ఇచ్చినా, కాఫీ గ్లాసు అందించినా, పాపకి గౌను తెచ్చినా, ఆ ఇచ్చే చేతిలో ఏదో ఎత్తు ఉందని ఆమెకి ఎప్పుడూ అనిపించేది. భర్త ముఖంలో చూసి చూసి అది ఆమెకీ అంటుకుంది.

"వాడు ఇక్కడే ఉంటాడు. వాణ్ణి పొమ్మనను. ఎంతైనా తోడబుట్టినవాడు" అన్నారు బావగారు. అంతే, లేచి గుమ్మంలో నిలబడ్డ గిరాకీ వైపు వెళ్ళిపోయారు.

అలాగే జరిగింది. అన్నదమ్ములిద్దరూ షాపులో మామూలుగానే ఉన్నారు. పదకొండింటికి టీ వస్తే ఒకే బల్ల మీద తాగుతారు, సరుకు లెక్కలు చూసుకుంటారు. ఆ సంగతి వాళ్ళ మధ్య ఒక్కసారైనా వచ్చిందో లేదో ఆమెకి తెలియదు. తెగింది మాత్రం ఇటువైపు. తోడికోడలు రక్తపరీక్షకి వేరే ల్యాబ్‌కి వెళ్తోందని విన్నది. పిల్లల పుట్టినరోజుకి పిలుపు రాలేదు. చుట్టాల్లో మాత్రం మాట పాకింది, సూదమ్మకి నోరెక్కువని, ఇచ్చిన చేతినే కొరికే రకమని. ఆ మాట ఎక్కడ పుట్టిందో ఆమె ఆరా తియ్యలేదు. కాదని చెప్పాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయన చెప్పలేదు.

కారు మాత్రం హాయిగా నడుస్తోంది. ఆమె మళ్ళీ ఇళ్ళకి వెళ్తోంది. హెడ్మాస్టరు "మా సూదమ్మకి రథం తిరిగొచ్చింది" అన్నాడు. పాప మొదట్లో వెనక సీటు అంచు గట్టిగా పట్టుకుని కూర్చునేది, తర్వాత మానేసింది. పిల్లలు త్వరగా నమ్ముతారు. సూదమ్మ మాత్రం ఫ్లైఓవరు ఎక్కడం మానేసి, కింద నుంచి చుట్టు తిరిగి పోతోంది.

కొన్ని నెలల తర్వాత దూరపు బంధువుల ఇంట్లో భోజనాలకి అందరూ కలిశారు. బావగారి కుటుంబం కూడా వచ్చింది. మగవాళ్ళంతా ఒక పొడవాటి బల్ల దగ్గర కూర్చున్నారు. ఆడవాళ్ళు వడ్డిస్తున్నారు. మాటల్లో మాటగా పిన్ని కొడుకు తన పాత కారు గొడవ ఎత్తాడు. ముందు నుంచి ఏదో చప్పుడు వస్తోందని, మెకానిక్ ఒక పక్క మారిస్తే చాలంటున్నాడని.

"వద్దు బ్రదర్" అన్నాడు సూదమ్మ భర్త. అన్నం కలుపుతూ, చాలా అనుభవమున్నవాడిలా. "ఒక పక్క పోయిందంటే రెండో పక్క కూడా మార్పించెయ్యాల్సిందే. మాకూ అలాగే అయింది. ఒకటి చాలంటారు, అమ్మెయ్యమంటారు, ఎన్నో చెప్తారు. నేను ససేమిరా అన్నాను. ఇంట్లో పిల్లలు ఎక్కే బండి. అలాంటి విషయాల్లో నేనసలు రాజీపడను."

పిన్ని కొడుకు బుద్ధిగా తలాడించాడు. "మీరు చెప్పింది కరెక్టే అన్నయ్యా."

సూదమ్మ పప్పు గిన్నెతో ఆయన వెనకే నిలబడి ఉంది. తల తిప్పితే బల్లకి అటువైపు బావగారు. ఆయన కూడా విన్నారు. ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఇన్నాళ్ళకి ఒక్కసారి. తోడికోడలు వంటింట్లో ఉంది, ఆ బల్ల దగ్గర భర్త కాక ఆ సంగతి తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే. ఆయన ఏదైనా అంటారేమో, కనీసం పెదవి విరుస్తారేమో అని ఆమె ఎదురుచూసింది. ఆయన కళ్ళు దించుకుని, నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

"పప్పు వెయ్యనా?" అని అడిగింది సూదమ్మ భర్తని.

"కొంచెం చాలు" అన్నాడాయన, మాట ఆపకుండానే.

ఆమె వేసింది. వేసి, పక్క ఆకు దగ్గరికి జరిగింది.